ఒక్క అంకె కోసం: బాపట్ల కవరు మీద బోస్టన్ జెండా ముద్ర

కిందటేడు సంక్రాంతికి వారం ముందు కొత్తపేటలో పాత కాగితాలు కొనే ఆయన ఫోన్ చేశాడు. "మాస్టారూ, అమెరికా కవర్లు ఏడు తగిలినయ్. ఓసారి చూసి పెడతారా?" నేను మాస్టార్ని కాదు. బ్రాడీపేటలో డీటీపీ షాపు నడుపుతాను. గుంటూర్లో పాత కవర్ల సంగతి తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ పిలుపు నాకు స్థిరపడిపోయింది.

వెళ్లేసరికి ఏడింటినీ పెళ్లి ఫొటోల ఆల్బమ్‌లో, ప్లాస్టిక్ కాగితం కింద అతికించి ఉంచాడు. ముందు వాటిని బయటికి తీయించాను. ఆ ఆల్బమ్ జిగురు, మన ఎండాకాలం ఉక్క కలిస్తే పాత కాగితానికి ఆయుష్షు ఉండదు. ఇంకో రెండు వేసవులు గడిస్తే నాకు రాయడానికి ఈ కేసే ఉండేది కాదు. లామినేషన్ చేయించలేదు, అంతవరకు నయం.

ఏడింట్లో అయిదు మామూలువి. ఆరోదానికి స్టాంపు ఉండాల్సిన చోట చతురస్రంగా కన్నం ఉంది, ఎవరో కత్తెరతో కోసుకుపోయారు. ఏడోది ఈ కేసు.

లేత గోధుమరంగు కవరు. ముందువైపు సిరాతో ఇంగ్లీషులో చిరునామా: బాపట్ల, కిస్టనా డిస్ట్రిక్ట్, మద్రాస్ ప్రెసిడెన్సీ, ఇండియా. ఇవ్వాళ బాపట్ల పేరుతో ఒక జిల్లాయే ఉంది గానీ ఆ రోజుల్లో అది కృష్ణా జిల్లాలో ఊరు. గుంటూరు జిల్లా విడిగా ఏర్పడింది 1904లో. అంటే చిరునామా ఒక్కటి చదివినా కవరు 1904కి ముందుదని దాదాపుగా చెప్పొచ్చు. అలవాటు కొద్దీ ఆ తర్వాత కూడా పాత జిల్లా పేరే రాసేవాళ్లుంటారు కాబట్టి "దాదాపు" అంటున్నాను.

బోస్టన్ నుంచి బాపట్లకి ఉత్తరం ఎందుకొచ్చిందన్నది పెద్ద ప్రశ్న కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్ర కార్యాలయం అప్పట్లో బోస్టన్‌లో ఉండేది. నెల్లూరు, ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట వైపు పనిచేసింది వాళ్లే. గుంటూరు లూథరన్ మిషన్ వేరు, వాళ్ల ఉత్తరాలు ఎక్కువగా బాల్టిమోర్ వైపు నుంచి వచ్చేవి. మా దగ్గర పాత ఇళ్లలో అమెరికా కవరు దొరికితే ముందు ఊరు చూడండి, ఏ మిషన్‌దో సగం తెలిసిపోతుంది.

కుడివైపు పైన అయిదు సెంట్ల స్టాంపు, చాకొలెట్ రంగు, అమెరికా అధ్యక్షుడిగా చేసిన జనరల్ గ్రాంట్ బొమ్మ. అంతర్జాతీయ తపాలా సంఘం దేశాలకి అర ఔన్సు ఉత్తరానికి అప్పటి అమెరికా రేటు అదే. స్టాంపుకి ఎడమ పక్కన గుండ్రటి డయల్: బోస్టన్, డిసెంబర్ 6, గంట, ఏడాది. డయల్‌ని ఆనుకుని జెండా కర్ర, అక్కణ్నుంచి గాలికి ఊగుతున్నట్టు వంకర్లు తిరిగిన చారలు స్టాంపు మీదుగా పారి కవరు అంచు దాకా పోయాయి.

ఆ జెండా చూడగానే నాకు చేతులు ఆగలేదు. ఏడాది అంకెల్లో మొదటి మూడూ తెలుస్తున్నాయి: 1, 8, 9. నాలుగోది మసక. కొట్లో ట్యూబ్‌లైటు కింద అది నాకు 4లా కనిపించింది. అక్కడే నిలబడి విజయవాడ కుర్రాడికి ఫోన్ చేసేశాను. అతను గవర్నర్‌పేటలో ఆడిటరు దగ్గర పనిచేస్తూ మెషీన్ ముద్రలే పోగేస్తున్నాడు, నన్ను అంకుల్ అంటాడు. "అబ్బాయ్, బోస్టన్ జెండా, 1894 డిసెంబరు, మన బాపట్లకి" అన్నాను. అవతల రెండు సెకన్లు మాట లేదు. తర్వాత అంకుల్ నాకే, అంకుల్ నాకే అని మొదలుపెట్టాడు. ఈ కేసులో తప్పంటూ ఉంటే అది ఆ ఫోనే.

1894 అంటే అంత గొడవ ఎందుకో చెప్పాలి. ముద్ర కొట్టే పనిని యంత్రానికి అప్పగించాలన్న ప్రయత్నం అంతకు చాలా ముందునుంచే ఉంది. లండన్‌లో, తపాలా స్టాంపు తెచ్చిన రోలండ్ హిల్ కొడుకు పియర్సన్ హిల్ 1857లోనే ఒక యంత్రం పెట్టి చూశాడు. అమెరికాలో అసలు కథ మొదలయింది బోస్టన్‌లో. 1876లో అక్కడ లెవిట్ యంత్రం వచ్చింది. ముందు పోస్టుకార్డుల మీద వాడారు, కార్డులన్నీ ఒకే కొలత, ఒకే మందం కాబట్టి యంత్రం తడబడదు. తర్వాత అదే ఊళ్లో అమెరికన్ పోస్టల్ మెషీన్స్ కంపెనీ వచ్చి ఉత్తరాలకి కూడా పనికొచ్చే యంత్రాలు పెట్టింది. ఆ కంపెనీ వాళ్లే 1894 చివర్లో స్టాంపుని చెరిపే ఉత్త గీతలు తీసేసి జెండా పెట్టారు. అది జనానికి నచ్చి ఊరూరా పాకింది. కాబట్టి 1894 డిసెంబర్ 6 అంటే జెండా పుట్టిన కొత్తలో పోస్టు చేసిన ఉత్తరం. 1895 డిసెంబర్ 6 అయితే జెండా అప్పటికి రోజువారీ సరుకు. ఒక్క అంకె తేడా.

కవర్లు ఏడూ కలిపి ఆరువేలకి కొన్నాను. కుర్రాడు అప్పటికే ఒక్క కవరుకే పాతికవేలు ఇస్తానంటున్నాడు.

ఇంటికొచ్చి మొదట చేసిన పని, అది నిజంగా మెషీన్ ముద్రేనా అని చూడటం. జెండా అంటే మెషీనే కదా అనొచ్చు. కానీ అలవాటు అలవాటే. చేత్తో కొట్టిన ముద్ర గుమాస్తా మణికట్టు ఎటు తిరిగితే అటు వాలుతుంది. ఒక పక్క ఒత్తుగా, ఒక పక్క పలచగా పడుతుంది. డయల్‌నీ, స్టాంపు చెరిపే దిమ్మనీ ఒకే పిడికి బిగించిన జోడు ముద్రలు కూడా ఉండేవి. వాటిలో రెంటి మధ్య దూరం ఎప్పుడూ మారదు, అది చూసి మెషీన్ అనుకుని మోసపోయినవాళ్లున్నారు. కానీ ఆ దిమ్మ సాధారణంగా పొట్టిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మొత్తం ముద్ర ఎటో ఒకవైపు ఒరిగే ఉంటుంది. మెషీన్‌లో కవర్లు పై అంచు ఆధారంగా వరసగా జారుతాయి. ముద్ర ఆ అంచుకి సమాంతరంగా పడుతుంది. గీతలు పొడుగ్గా, ఒకే మందంలో సాగుతాయి. లోపల ఉత్తరం మడత ఎత్తుగా ఉన్నచోట ముద్ర నల్లగా అంటి, పక్కన పల్లంలో తేలిపోతుంది. నా కవరు మీద మూడో చార నుంచి అయిదో చార దాకా ఒకే నిలువు గీతలో తెగిపోయి ఉన్నాయి. లోపల కాగితం మడత అంచు సరిగ్గా అక్కడే ఉండేదన్నమాట. ఉత్తరం ఎప్పుడో పోయింది, దాని మడత మాత్రం ముద్రలో ఉండిపోయింది.

ఇక అంకె.

స్టాంపు ఏం చెబుతుందో చూశాను. గ్రాంట్ బొమ్మతో చాకొలెట్ రంగు అయిదు సెంట్లది 1890లోనూ ఉంది. 1894లో స్టాంపుల ముద్రణ ప్రైవేటు కంపెనీ చేతినుంచి ప్రభుత్వ ముద్రణ శాఖకి మారినప్పుడు అదే బొమ్మ ఉంచి, పైన రెండు మూలల్లో చిన్న త్రికోణాలు చేర్చారు. లెన్స్ కింద నా స్టాంపుకి త్రికోణాలున్నాయి. 1898లో అయిదు సెంట్లది నీలం రంగుకి మారింది. అంటే స్టాంపు 1894 నుంచి 1898 లోపు ముద్రించినది. కొని దాచుకుని తర్వాత వాడినవాళ్లూ ఉంటారు, కాబట్టి పై హద్దు కచ్చితం కాదు. 4 కావచ్చు, 5 కావచ్చు.

వెనక్కి తిప్పాను. నావరకు అమెరికా కవరుకి అసలు ముఖం వెనకవైపే. మూడు ముద్రలున్నాయి. ఒకటి సీ పోస్ట్ ఆఫీస్‌ది. ఆ కాలంలో ఇటలీలోని బ్రిండిసి రేవు మీదుగా వచ్చే విదేశీ మెయిల్‌ని ఏడెన్ నుంచి బొంబాయి వచ్చే స్టీమరు మీదే మన తపాలా గుమాస్తాలు సార్టింగ్ చేసేవాళ్లు. ఓడ ఊగుతుండగా ముద్ర కొట్టేవాళ్లు. 1868లో మొదలైన ఈ ఏర్పాటు 1914లో మొదటి ప్రపంచ యుద్ధంతో ఆగిపోయింది. నా కవరు మీద ఆ ముద్ర జనవరి 4. దానిమీదే సగం ఎక్కి గుంటూరు ముద్ర, జనవరి 7. ఆ రెండూ కలిసిన చోటే రెంటి ఏడాదీ ఉంది, పైగా అక్కడే ఒక నీటి మరక. మూడోది బాపట్ల ముద్ర, కవరు మూత అంచు మీద సగం పడింది, మిగతా సగం మూతతో చిరిగిపోయింది. గుంటూరు నుంచి బాపట్ల చేరడానికి ఇంకో రోజో రెండు రోజులో పట్టి ఉంటుంది. మద్రాసు, బెజవాడల్ని కలిపే రైలు దారి బాపట్ల మీదుగా పూర్తయింది 1899లో. అప్పటిదాకా రైల్లో వచ్చిన మెయిల్ గుంటూర్లో దిగాల్సిందే.

ఇక్కడ నాకో తెలివైన ఆలోచన వచ్చింది, అంటే అప్పుడు తెలివైనదనే అనుకున్నాను. కన్నం ఉన్న ఆరో కవరు కూడా బోస్టన్‌దే, బాపట్లదే. దాని డయల్ స్పష్టంగా ఉంది: అక్టోబర్ 18, 1895. వెనక సీ పోస్ట్ ఆఫీస్ ముద్ర నవంబర్ 16, 95. మెయిల్ స్టీమరు వారానికొకటి కదా. కాబట్టి రెండు కవర్ల మీద ఓడ తేదీల మధ్య తేడా ఏడుతో నిశ్శేషంగా భాగించబడాలి. కాలిక్యులేటర్ తీశాను. నవంబర్ 16, 1895 నుంచి జనవరి 4, 1896కి 49 రోజులు. ఏడు వారాలు, లెక్క అచ్చంగా సరిపోయింది! అదే జనవరి 4, 1895 నుంచి అయితే 316 రోజులు, నలభై అయిదు వారాల మీద ఒక రోజు. కవరు 1895 డిసెంబరుదే అని తేలిపోయింది అనుకుని టీ తాగడానికి వెళ్లాను.

టీ సగంలో ఉండగా తట్టింది. ఏడాదికి 365 రోజులు. ఏడుతో భాగిస్తే మిగిలేది ఎప్పుడూ ఒకటే. ఒక ఏడాది జరిపితే వారం ఒక్క రోజే జరుగుతుంది. సముద్రం మీద ఓడ ఒక రోజు ఆలస్యం కావడం, గుమాస్తా రాత్రి పన్నెండుకి ముందో వెనకో ముద్ర కొట్టడం మామూలు సంగతి. ఒక్క రోజు తేడా చూపించి "రుజువయింది" అంటే నవ్వుతారు. ఆ లెక్క కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది, పైన "పనికిరాదు" అని రాసి.

స్కానర్ మీద ఆశ పెట్టుకున్నాను. అది నా వృత్తి కూడా. 1200 డీపీఐలో రెండువైపులా రంగుల్లో స్కాన్ చేసి, ఫోటోషాప్‌లో ఎరుపు చానెల్ ఒక్కటే ఉంచి చూశాను. పాత కాగితపు గోధుమరంగు, నీటి మరక, చాకొలెట్ స్టాంపు అన్నీ ఎరుపు చానెల్‌లో తేలిపోతాయి, నల్ల సిరా మాత్రం నల్లగా నిలబడుతుంది. ఇది చాలామంది చేయరు. ఫోన్‌తో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోతారు, మరక కూడా ముద్రతోపాటు నల్లబడుతుంది. ఈ పద్ధతిలో వెనక ముద్రలోని 9 బయటపడింది, దాని పక్కన కింద గుండ్రంగా తిరిగిన ఒక ముక్క కనిపించింది. 5కీ కింద గుండ్రమే, 6కీ కింద గుండ్రమే. ముందువైపు అంకె మాత్రం మారింది. కొట్లో 4 అనుకున్నదాంట్లో నిలువు గీత అంకెది కాదు, కాగితంలో పీచు. పీచు తీసేస్తే మిగిలింది పైన ఒక అడ్డగీత తునక, కింద మసక.

ఆరో కవరు డయల్‌లోని 5ని పక్కన పెట్టి పోల్చాను. దాని పై అడ్డగీత కుడివైపు విరిగినట్టు పొట్టిగా ఉంది. నా కవరు మీద తునక కూడా అంతే పొట్టి. ఏడాది అంకె దిమ్మలో ఒకసారి బిగిస్తే సాధారణంగా ఆ ఏడాదంతా ఉంటుంది కాబట్టి ఒకే అంకె, ఒకే దెబ్బ అనుకోవచ్చు. కానీ బోస్టన్‌ లాంటి పెద్ద ఆఫీసులో యంత్రాలు ఒకటికి మించి నడిచేవి. రెండు కవర్లూ ఒకే యంత్రంలోంచి వచ్చాయని నేను ప్రమాణం చేయలేను. ఇది సాక్ష్యం, తీర్పు కాదు.

మిగిలింది వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడి వెలుతురులో కనిపించే నీటిగుర్తు. 1894లో ప్రభుత్వం ముద్రించిన స్టాంపుల కాగితంలో నీటిగుర్తు లేదు. 1895లో దొంగ స్టాంపుల భయంతో జంట గీతల యూఎస్‌పీఎస్ (యునైటెడ్ స్టేట్స్ పోస్టేజ్ స్టాంప్) అక్షరాలున్న కాగితం తెచ్చారు. ఆ కాగితం మీద అయిదు సెంట్లది వచ్చింది 1895 మధ్యలో. నా స్టాంపులో నీటిగుర్తు ఉంటే 1894 డిసెంబరు అసాధ్యం. లేకపోతే రెండూ సాధ్యమే. ఒకవైపు మాత్రమే తెగే కత్తి ఇది. చిక్కేమిటంటే నీటిగుర్తుని స్టాంపు వెనకవైపు నుంచి చూడాలి, స్టాంపు కవరుకి అతికి ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతిలో పట్టాభిపురంలో మా పక్కింటివాళ్ల దగ్గర సంచెడు పాత విదేశీ కవర్లు తెచ్చి, స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, స్టాంపులన్నీ ఊడదీసి ఇస్త్రీ చేసిన చొక్కా మీద ఆరబెట్టాను. కవర్లు పొయ్యిలోకి పోయాయి. వాటి మీద వంకర గీతల ముద్రలు వరసగా ఉండేవని గుర్తుంది, ఏ ఊళ్లవో గుర్తు లేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా "స్టాంపు ఊడదీసి చూసి మళ్లీ అతికిస్తే పోయేదేముంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. జెండా చార స్టాంపు అంచు దాటి కవరు మీదికి పారుతుంది. ఊడదీసి మళ్లీ అతికించిన రోజు ఆ చార వెంట్రుకవాసి జరుగుతుంది. లెన్స్ ఉన్న ఎవడైనా పట్టేస్తాడు, అప్పుడు అసలు కవరే దొంగదంటారు.

అదృష్టం మన వాతావరణం రూపంలో వచ్చింది. నూట ముప్పై వేసవుల ఉక్కకి జిగురు ఎడమ పై మూల దానంతటదే చచ్చిపోయింది. స్టాంపులో పావు వంతు లేచి ఉంది. ఫ్యాన్ కట్టేసి, తలుపు వేసి, మొండి మొనల ట్వీజర్లతో ఆ మూల కొద్దిగా ఎత్తి పట్టుకున్నాను. కింద చిన్న బటర్ పేపర్ ముక్క జొనిపి, మా అబ్బాయి చేత ఫోన్ టార్చి పక్కవాటుగా పట్టించాను. ముందు ఏమీ లేదు. టార్చి కిందికి దించమన్నాను. త్రికోణం పక్కనుంచి సన్నటి వంపు ఒకటి, దానికి ఒక మిల్లీమీటరు ఎడంలో అదే వంపు ఇంకొకటి. అవి ఎస్‌లో భాగమో, పీలో భాగమో, యూలో భాగమో చెప్పలేను, చెప్పాల్సిన పనీ లేదు. జిగురు పగుళ్లేమోనని అనుమానం వచ్చి, నా ఆల్బమ్‌లోని 1895 నాటి రెండు సెంట్ల స్టాంపు తీసి అదే టార్చి కింద పట్టాను. అవే జంట గీతలు, అదే ఎడం.

"అంటే మంచిదేనా నాన్నా?" అన్నాడు మావాడు.

"మంచిది కాదు, నిజం" అన్నాను. కొంచెం చిరాగ్గానే అన్నాను, పాతికవేలు గుర్తొచ్చి.

అక్కడితో 1894 పోయింది. ఇక కింది హద్దు 1895 మధ్య. అంకె పైభాగంలో అడ్డగీత ఉంది కాబట్టి 6 కాదు. 7కి పైన అడ్డగీత ఉన్నా, కింద ఎడమవైపు గుండ్రంగా సిరా మిగలదు, ఇక్కడ మిగిలింది. పైగా ఆరో కవరు 5తో పోలిక. కవరు 1895 డిసెంబర్ 6న బోస్టన్‌లో పోస్టయి, 1896 జనవరి 4న బొంబాయి వచ్చే ఓడ మీద ముద్ర పడి, 7న గుంటూరు చేరింది. బోస్టన్ నుంచి గుంటూరుకి ముప్పై రెండు రోజులు. పనికిరాదని పక్కన పెట్టిన నలభై తొమ్మిది రోజుల లెక్క దీంతో సరిపోతుంది. కానీ దాన్ని రుజువుల జాబితాలో నేను చేర్చలేదు.

రాత్రి తొమ్మిదికి కుర్రాడికి ఫోన్ చేశాను. సంగతి మొత్తం చెప్పేదాకా మధ్యలో మాట్లాడలేదు. "మరి నేను అందరికీ 1894 అని చెప్పుకున్నాను అంకుల్" అన్నాడు. నీకు చెప్పింది నేనే కాబట్టి నేనే తప్పన్నానని చెప్పమన్నాను. కాసేపు ఆగి, "పోనీ మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?" అన్నాడు. తెలిసేది కాదు. నాలుగేళ్లకో అయిదేళ్లకో ఇంకెవరికో అమ్మేటప్పుడు వాళ్లకి తెలిసేది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం బస్సులో గుంటూరు వచ్చి కవరు చేతిలో పట్టుకుని చూశాడు. అరుదుదనం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. బోస్టన్ జెండా ఉన్న దేశీయ కవర్లు, ఎర్ర రెండు సెంట్ల స్టాంపుతో, కొనుక్కోవాలంటే ఇప్పటికీ దొరుకుతాయి. అయిదు సెంట్ల విదేశీ రేటుతో, వెనక ఓడ ముద్రతో, మన జిల్లా ఊరికి వచ్చినవి నా ఇరవై రెండేళ్లలో నేను చూసినవి మూడే. అమెరికాలో కూర్చుని జెండాలు పోగేసేవాడికి బాపట్ల ఒక వింత ఊరు. మనకి బోస్టన్ వింత. ధర ఎవరి వైపునుంచి చూస్తే అంత. చివరికి తొమ్మిదివేలకి తీసుకున్నాడు. అందులో రెండువేలు కొత్తపేట ఆయనకి పట్టుకెళ్లి ఇచ్చాను, ఎందుకిస్తున్నానో ఆయనకి అర్థం కాలేదు గానీ తీసుకున్నాడు.

కవరుకి కొత్త పాలిప్రొపిలీన్ సంచీ వేసి, లేచిన మూలని అలాగే వదిలేశాను. జిగురు పెట్టొద్దు, టేపు వేయొద్దు, రేపు ఎవరికైనా అనుమానమొస్తే వాళ్లూ టార్చి పెట్టి చూసుకుంటారని చెప్పాను. విడి కాగితం మీద తేదీ, స్టాంపు వివరం, నీటిగుర్తు ఏ మూల చూశానో రాసి జత చేశాను.

లేవబోతూ కుర్రాడు బల్ల మీదున్న ఆరో కవరు చూశాడు. చతురస్రపు కన్నంలోంచి బల్ల మీద పరిచిన పేపరు కనిపిస్తోంది. కన్నం ఎడమ అంచున డయల్, దాని పక్కన జెండా కర్ర సగం, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇది కూడా ఇస్తారా అంకుల్? ఊరికే, పక్కన పెట్టుకోడానికి."

"అది ఇవ్వనురా" అన్నాను.